తడి బండ రంగు

అజమత్‌కు ఇంకా కండ్లద్దాలు రాలేదు. యాభై ఆరేండ్లొచ్చినయి, పండ్లు రెండు ఊడినయి, ఎడమ మోకాలు మెట్లు చూస్తే మొరాయిస్తది, గని చూపు మాత్రం చెక్కుచెదరలే. తాండూరుల బండల పాలిష్ మిషిన్లు గల్లీకొకటి ఉంటయి. గని పాలిష్ కంటె ముందు కుప్పలకెళ్లి ఒక్కొక్క బండను లేపి, "ఇది నీలం, ఇది పసుపు, ఇది నీలమే గని పసుపు మీద మనసున్నది" అని వేరు చేసేటోళ్లు వేళ్ల మీద లెక్కవెట్టెటంత మందే. అండ్ల అజమత్ ఒకడు. ముప్పై ఏండ్ల సంది ఒకటే యార్డుల ఆయన పని అదే. ఇప్పుడు యార్డు మహేందర్ చేతుల ఉన్నది, అంతకుముందు మహేందర్ వాళ్ల నాయిన చేతుల ఉండె.

ఏరుడంటే ఏముంది, రాళ్లే కదా అనుకునేటోళ్లుంటరు. ఒక హాలుకు నూరు బండలు పడ్తయి అనుకుందాం. నూరుకు నూరు ఒకే గని నుంచి వచ్చినా ఒకదానికొకటి కలవయి. ఒకటి జర నల్లగుంటది, ఒకటి జర తెల్లబోయి ఉంటది, ఒకదానికి నడిమిట్ల గోధుమ రంగు చార ఉంటది. ఎట్ల పడితే అట్ల పరిస్తే, ఇల్లు చూడవచ్చిన చుట్టాలు నోరు తెరిచి ఏమనరు. కిందికి చూసి ఊకుంటరు. గా ఊకుండుడు ఇంటోళ్లకు జన్మంత యాదికుంటది. గట్ల కాకుండ నూరు బండలను ఒకదానెంక ఒకటి ఒద్దికగ కూసునేటట్టు ఏరి ఇచ్చుడే అజమత్ పని.

ఆయన పనిముట్లు ఒక బకెట్, ఒక ప్లాస్టిక్ మగ్గు. పొడి బండ బూడిద రంగుల ఉంటది, దాన్ని చూసి మురిసేటోడు ఎవడు లేడు. ఒక మగ్గు నీళ్లు కొడ్తే లోపటి రంగు పైకొచ్చి, వాన మబ్బు అయితది. "పాలిష్ అయినంక గిట్లనే ఉంటది సాబ్" అనేటోడు అజమత్. గిట్ల ఉండదు. పాలిష్ అయిన బండ గా తడి రంగుకు సగం దూరం వచ్చి ఆగుతది. అది అజమత్‌కు ఎర్కే, యార్డుల కుక్కకు కూడ ఎర్కే. అయినా ముప్పై ఏండ్లు గదే మాట చెప్పిండు. దాన్ని అబద్ధం అని ఆయన ఎన్నడు అనుకోలె, పనిల భాగం అనుకున్నడు.

ఇగ మహేందర్ సంగతి. వాళ్లది కందులు పండించే ఇల్లు. ఈయన మాత్రం కంది చేనును తమ్మునికి అప్పజెప్పి నాయిన పెట్టిన బండల యార్డు పట్టుకున్నడు. మంచోడే, గని ఏదన్న కొత్తది చూస్తే ఆగడు. వికారాబాద్‌ల రచన అని ఒక పిల్ల కంప్యూటర్ పని చేస్తదని విని, ఒక వెబ్ పేజీ చేయించిండు. అండ్ల హాలు బొమ్మ ఉంటది. నువ్వు బండ రంగు ఏరుకుంటె హాలంత గా బండ పరుచుకుంటది. నచ్చితే కింద "ఫోటో తీయి" అని బటన్ ఉంటది. నొక్కితే హాలు బొమ్మ ఫోటోగా మారి ఫోన్ల పడ్తది, ఇంట్లోళ్లకు వాట్సాప్‌ల పంపుకోవచ్చు.

బటన్ ఎందుకంటే, మొదట్ల అది లేకుండెనట. మంది ఫోన్ తెర మొత్తం ఫోటో తీసి మహేందర్‌కు పంపేటోళ్లు. ఒకాయన పంపిన దాంట్ల సగం బండలు, సగం వాళ్ల బామ్మర్ది పెట్టిన మెసేజు. ఆ మెసేజుల మహేందర్ గురించే రాసున్నది, మంచిగ రాయలె. అది చదివినంక మహేందర్ రచనకు ఫోన్ చేసి, "గా హాలు బొమ్మ ఉన్న డబ్బా ఒక్కటే ఫోటోల రావాలె, ఇంకేం రావద్దు" అన్నడు. రచన బటన్ పెట్టింది.

గట్ల బటన్‌తోని పేజీ పూర్తయిన దినమే మహేందర్ అజమత్‌ను ఆఫీసు రూముకు పిలిచిండు. "చాచా, ఇగ కస్టమర్ ఇంట్ల కూసోని ఫోన్లనే ఏరుకుంటడు. ఎండల నీకు తిప్పలెందుకు? ఒకటో తారీఖు నుంచి గేటు కాడ కూసో. కుర్చీ ఏపిస్త, ఫ్యాన్ గూడ పెట్టిస్త" అన్నడు. పాపం, మంచి చేస్తున్న అనుకునే అన్నడు. అజమత్ "సరే సాబ్" అని బయటికొచ్చిండు. ఇంటికి పోయి పెండ్లాం సైరాతోని చెప్తే, ఆమె గిన్నెలు తోముకుంట, "ఫ్యాన్ ఇస్తడట కదా, ఇంకేం కావాలె" అన్నది. అజమత్ రెండు దినాలు పెండ్లాంతోని మాట్లాడలె.

గేటు కాడ కూసున్నోళ్లను ఆయన మస్తుమందిని చూసిండు. ఒక ఏడాది కూసుంటే లారీ నంబర్లు తప్ప ఇంకేం యాదికుండయి. తనకు వచ్చింది ఒక్కటే పని. అది పోయినంక తననెవరు ఏమని పిలుస్తరు?

అదృష్టం చూడు, ఫోటోల తప్పు వచ్చింది. పేజీల హాలు నీలంగ మిలమిల మెరుస్తది. బటన్ నొక్కితే వచ్చే ఫోటోల మాత్రం గా మెరుపే ఉండది. అన్ని బండలు ఉంటయి, వరుస సక్కగనే ఉంటది, గని రంగు బూడిద. మంది ఫోన్లు చేసుడు మొదలుపెట్టిన్రు. "పేజీల ఒక తీరు, ఫోటోల ఒక తీరు, ఏది నిజం?" అని. "ఒకసారి యార్డుకు వచ్చి చూసుకోండ్రి" అన్నడు మహేందర్. వాళ్లొచ్చిన్రు, బండలు చూపెట్టనీకె అజమత్ కావాలె. ఒకటో తారీఖు వచ్చింది, పోయింది. గేటు మాట ఎవరెత్తలె.

అజమత్ గా ఫోటోను ఫోన్ల ఎన్నోసార్లు చూసుకున్నడు. అండ్ల ఉన్నది అసలు బండ, యార్డుల ఎండకు పడున్న బండ. ముప్పై ఏండ్లల్ల ఇంత ఉన్నదున్నట్టు చూపెట్టిన వస్తువును ఆయన చూడలె. దాని మీద ఆయనకు ప్రేమ పుట్టింది.

నెలన్నర గడిచినంక మహేందర్ రచనకు ఫోన్ చేసి గట్టిగ అడిగిండు. ఫోటో పేజీతోని కలవాలె, లేకుంటె పేజీ ఎందుకు అన్నడు. రెండు దినాలల్ల చేసిస్త అన్నదట. ఆ మాట విన్న అజమత్, ఎవరికి చెప్పకుండ తెల్లారి ప్యాసింజర్ ఎక్కి వికారాబాద్‌ల దిగిండు. రచన వాళ్ల ఇల్లు టేషన్ నుంచి నడిచిపోయెటంత దూరమే. పేజీ కోసం ఫోటోలు తీయనీకె యార్డుకు ఒకసారి వచ్చింది కాబట్టి ఆయనను గుర్తువట్టింది. కూసొమ్మన్నది, చాయ్ తెచ్చింది.

"బిడ్డా, గా ఫోటో గట్లనే ఉండనియ్యి" అన్నడు అజమత్.

"ఎందుకు అంకుల్? అది తప్పు కదా."

"తప్పెట్లయితది? బండ గట్లనే ఉంటది."

రచన కంప్యూటర్ ఆయన దిక్కు తిప్పింది. చెప్పుడు మొదలుపెట్టింది. గా బటన్ కెమెరా కాదట. ఫోన్ల పేజీలను తెరిచి చూపెట్టే బ్రౌజర్, పేజీకి తెరను ఫోటో తీసే హక్కు ఇయ్యదట. అందుకని బటన్ నొక్కంగనే జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషల రాసిన ఒక ప్రోగ్రాం, హాలు డబ్బా లోపట ఉన్న ఒక్కొక్కదాన్ని చూసుకుంట, పక్కన ఖాళీ కాన్వాస్ మీద తనే మళ్ల గీస్తదట. గీత ఉంటే గీత, బొమ్మ ఉంటే బొమ్మ, అక్షరం ఉంటే అక్షరం.

"మరి రంగెందుకు గీయలె?"

"బండ ఫోటో మీద నేనొక ఫిల్టర్ వేసిన అంకుల్. రంగు చిక్కగ కనవడనీకె. గీసే ప్రోగ్రాంకు గా ఫిల్టర్ వేసుడు రాదు. రానిది వదిలేసి, కింద ఉన్న బండను ఉన్నట్టు గీసింది."

అజమత్‌కు సంగతి పూర్తిగ సమజైంది. మేస్త్రీలల్ల కూడ గిసొంటోళ్లుంటరు, చెప్పింది చేతనైనకాడికి చేసి రానిదాన్ని సప్పుడు చేయకుండ ఇడిసిపెడ్తరు. "ఇప్పుడు ఏం చేస్తవు మరి?" అని అడిగిండు.

"ఇంకో పద్ధతున్నది. ప్రోగ్రాంను గీయమనకుండ, హాలు డబ్బాను మొత్తంగ మూట గట్టి బ్రౌజర్‌కే ఇచ్చి గీయమంట. ఫిల్టర్ వేసేది బ్రౌజరే కాబట్టి అది సక్కగ గీస్తది."

అజమత్ చాయ్ తాగిండు. అసలు అడగాలనుకున్నది అప్పుడు అడిగిండు. "ఫిల్టర్ ఎందుకేసినవు బిడ్డా? గంత నీలం బండ నేను పుట్టినంక చూడలె. ఎక్కడ చూసినవు నువ్వు?"

రచన ఆయన మొకం దిక్కు చూసింది. "మీ కాడనే అంకుల్. నేను యార్డుకొచ్చిన దినం మొదటి బండ మీద మీరు మగ్గుతోని నీళ్లు కొట్టి, పాలిష్ అయినంక గిట్లనే ఉంటది అన్నరు కదా. అది ఫోటో తీసుకున్న. తర్వాత మీరు నమాజుకు పోయిన్రు. మిగిలిన బండలన్ని ఎండి ఉండె, నేను అట్లనే తీసుకున్న. ఇంటికొచ్చి చూస్తే కలవలె. మీరు చెప్పింది నిజమనుకొని, ఎండిన వాటన్నింటిని గా తడి దానికి సరివోల్చి ఫిల్టర్ వేసిన."

తిరుగు రైలుల అజమత్‌కు సీటు దొరికింది గని కూసోలె, తలుపు కాడ నిలవడ్డడు. తనను గేటుకు నెట్టే రంగు తన మగ్గులకెళ్లే వచ్చింది. ఎవరినన్న తిడదామంటే ఎవ్వరు దొరకలె.

రచన మాట తప్పలె. రెండు దినాలకు ఫోటో కూడ పేజీ లెక్కనే మెరిసింది. ఫోన్లు ఆగినయి. యార్డుకు వచ్చి చూసేటోళ్లు తగ్గిన్రు. మహేందర్ గేటు కాడ ఫ్యాన్ పెట్టనీకె కరెంటు మనిషిని పిలిచిండు.

గా వారంలనే పరిగి నుంచి దేవమ్మ అని ఒక పెద్దమనిషి వచ్చింది. అరవై నాలుగేండ్లుంటయి, సన్నటి మనిషి, కుడిచెయ్యి జర ఒంటికి దగ్గర పట్టుకొని నడుస్తది. కొత్త ఇల్లు కట్టుకుంటున్నరట. హాలు, రెండు రూములు, ముందటి వరండ. అంత పెద్ద పని గా నెలల ఇంకోటి రాలె. ఫోటో ఫోన్ల తెచ్చుకున్నది, ఒకసారి బండను కండ్లతోని చూసిపోత అన్నది. మహేందర్ ఆమెకు కుర్చీ ఏపిచ్చి, అజమత్ చెవుల, "జర నీళ్లు కొట్టి చూపెట్టు చాచా. గీ బేరం అయితే నువ్వు నీడకు పోవచ్చు" అన్నడు.

అజమత్ బండ లేపి గోడకు ఆనిచ్చిండు. మగ్గు ముంచిండు. ముంచినోడు పోయకుండ ఆగిండు. నీళ్లు కొడితే బండ ఫోటోతోని కలుస్తది, ఆమె ఖాయం చేస్తది, రేపటి నుంచి తను గేటు కాడ. కొట్టకపోతే ఆమె కొనకుండ పోతది, మహేందర్ బేరం పోతది, తను యార్డుల ఉంటడు. నిజం చెప్పుడు ఇంత లాభంగ ఎప్పుడు కనవడలె ఆయనకు. అందుకే అది నిజాయితీనో, కడుపుమంటనో తేల్చుకోలేకపోయిండు. మగ్గు కిందవెట్టిండు.

"అమ్మా, ఫోటోల ఉన్నది నీళ్లు పోసిన రంగు. అసలు బండ ఇది. పాలిష్ చేస్తే ఇంకొంచెం తేలుతది, గని ఫోటో అంత రాదు. ముప్పై ఏండ్ల సంది వస్తదని చెప్తనే ఉన్న. రాదు."

మహేందర్ మొకం వాడిపోయింది. దేవమ్మ బండను చూసింది, ఫోన్ చూసింది.

"గిది చెప్పనీకె ఇంత ఇదయినవా అన్నా?" అన్నది. "పొడి బండ పొడిగనే ఉంటదని ఎవలికి ఎర్క లేదు? మా అమ్మగారింట్ల పుట్టినకాడి నుంచి గీ బండలే. నీళ్లు కొడ్తే రంగొస్తది, ఆరితే పోతది. చిన్నప్పుడు కడుగుడు నేనే కదా."

అజమత్ మగ్గుల నీళ్లు బకెట్ల ఒంపిండు. ముప్పై ఏండ్లు మందిని మోసం చేస్తున్న అని వారం సంది కుమిలిండు. ఒక్కరు గూడ మోసపోలేదట. ఆయనకు కోపమొచ్చింది, ఎవరి మీదనో మాత్రం తెలియలె.

"మరి ఫోటో ఎందుకమ్మా?" అన్నడు మహేందర్.

"ఫోటో నాకు కాదయ్యా, మా కోడలికి. ఆమెకు టైల్స్ కావాలె. కిందటేడు మా తమ్ముని కొత్తింట్ల టైల్స్ మీదనే జారి పడ్డ, గీ చెయ్యి విరిగింది. రాడ్ ఏసిన్రు, ఇగ భుజం మీదికి లేవదు. నా ఇంట్ల టైల్స్ పరిస్తే నేను గోడ పట్టుకొని బతకాలె. గీ ఫోటో చూపెడితే కోడలు, అబ్బ మంచిగున్నది అత్తా అన్నది. గంతే." ఆమె ఫోన్‌ను అజమత్ ముందటికి జరిపింది. "నాకు వేరే అనుమానమున్నది. గీ ఫోటోల అన్ని బండలకు ఎడమ మూలకే తెల్ల గీత ఉన్నది. లెక్కవెట్టిన, ఒక్కటి తప్పలె. మీ కాడ ఒకటే బండ ఉన్నదా ఏంది?"

మహేందర్ ఫోన్ తీసుకొని చూసిండు. నిజమే. రచన తీసిన ఒక్క బండ ఫోటోనే హాలంత మళ్లమళ్ల పరిచి ఉన్నది. రెండు నెలల సంది చూస్తున్నరు, ఆయనకు గాని అజమత్‌కు గాని కనవడలె. చూపు గురించి గొప్పలు చెప్పుకునే అజమత్‌కైతే మరీ చిన్నతనం అయింది.

"ఏ రెండు బండలు ఒక్క తీరుగుండయమ్మా," అన్నడు.

"గదే అడుగుతున్న. నాకు వచ్చే బండలల్ల ఏది గడప కాడ పడాలె, ఏది మంచం కింద పడాలె, ఎవలు చూస్తరు?"

మహేందర్ కరెంటు మనిషి దిక్కు చూసిండు. వాడు గేటు కాడ నిచ్చెన మీద ఉన్నడు. "చాచనే చూస్తడు" అన్నడు. దేవమ్మను బస్సు ఎక్కించి వచ్చినంక అజమత్‌ను పక్కకు పిలిచి, "గీ ఇంటి పని సక్కగ కానియ్యి. బండలు ఏరే మనిషి ఇంటికొచ్చి చూస్తడని పేజీల రాయిస్త. గేటుకు ఇంకెవరినన్న చూస్త. గని గీ ఇల్లు చెయ్యి జారితే మాత్రం ఏం చెప్పలేను" అన్నడు.

శుక్రవారం జుమ్మా నమాజ్ అయినంక అజమత్ టేపు సంచిల వేసుకొని పరిగి బస్సెక్కిండు. ఎన్నడు లేంది కొత్త అంగీ తొడుక్కున్నడు. సైరా నవ్వింది. బస్సుల కిటికి పక్క సీటు దొరికింది, ఈసారి కూసున్నడు. మనసు నిమ్మళంగుండె.

ఇల్లు బస్టాండుకు దగ్గరనే. గోడలు లేచినయి, స్లాబు పడ్డది, కింద మొరం పోసి దిమ్మిసతోని గట్టిగ కొట్టిన్రు. ఒక మూలకు రాళ్ల పొయ్యి మీద దేవమ్మ పనోళ్లకు చాయ్ కాస్తున్నది. కోడలు భవ్యశ్రీ అప్పుడే బడి నుంచి వచ్చినట్టుంది, చేతుల పరీక్ష కాయితాల కట్ట ఉన్నది. అక్కడ పిల్లలకు లెక్కలు చెప్తదట. మర్యాదగ మాట్లాడే పిల్ల. అజమత్‌కు మంచినీళ్లిచ్చి, ఫోన్ తీసి ఫోటో ముందట పెట్టింది.

"అంకుల్, గీ రంగే వస్తది కదా?"

పొయ్యి కాడ దేవమ్మ వెనుకకు తిరగలె. చాయ్ కలుపుడు మాత్రం ఆపింది.

అజమత్ ఫోటో చూసిండు. రాదని చెప్తే ఇక్కడ టైల్స్ పడ్తయి, తను గేటు కాడ పడ్తడు, గా ముసలామె గోడ పట్టుకొని బతుకుతది. వస్తదని చెప్తే, మొన్ననే వదిలిన మాట మళ్ల నోట్లకొస్తది. ఆయన రెండింటి నడుమ ఒక సందు వెతుక్కున్నడు.

"వస్తదమ్మా. తడిబట్ట పెట్టినప్పుడల్లా గదే రంగుంటది" అన్నడు.

"ఆరినంక?"

"ఆరినంక జర తగ్గుతది. మళ్ల పెడితే మళ్ల వస్తది."

భవ్యశ్రీ లెక్కల టీచర్ కదా, ఎంటనే లెక్క కట్టింది. "అంటే రోజు పెట్టాలె. నేను పొద్దుగాల ఎనిమిదింటికే బడికి పోత అంకుల్, వచ్చేసరికి ఐదు. ఎవరు పెడ్తరు రోజు తడిబట్ట?" అత్త దిక్కు చూసి అనలె, గుచ్చినట్టు అనలె. ఉన్న మాట అడిగింది.

పొయ్యి మీద చాయ్ పొంగింది. దేవమ్మ ఎడమచేత్తోని గిన్నె దించింది, కుడిచెయ్యి ఒంటికి దగ్గరనే ఉన్నది.

"నేనే పెడ్త," అన్నది.

భవ్యశ్రీ ఇంకొకసారి ఫోటో చూసి, "మరి నీ ఇష్టం అత్తా," అని ఫోన్ లోపటవెట్టుకున్నది. బండలు ఖాయమైనయి. అజమత్ పని ఖాయమైంది.

దేవమ్మ ఆయనకు చాయ్ గ్లాసు తెచ్చి ఇచ్చి, పనోళ్ల దిక్కు పోయింది. అజమత్‌కు సిగ్గైంది. నేల మీద ఒంగి బట్ట పెట్టేది గా విరిగిన చెయ్యే కదా అని యాదికొచ్చింది. గ్లాసు పక్కకు వెట్టి, టేపు కొసను గడప కాడ ఇటుక కింద అదిమి, మోకాలు నొస్తున్నా కూసోని కొలుసుడు మొదలుపెట్టిండు. హాలు పొడుగు పద్దెనిమిది ఫీట్లు, ఎడల్పు పదమూడున్నర.